మచ్చు కట్టిన తుండుగుడ్డ

పోటీ పరీక్ష తప్పి మళ్లీ రాస్తున్న పిల్లలు నా దగ్గరికొచ్చి, నిబ్బరంగా ఉండడం ఎలాగండీ అని అడుగుతుంటారు. నాకు తెలిస్తేగా చెప్పడానికి. నేను రెండోసారి రాసింది నిబ్బరంతో కాదు, మా నాన్న మీద కక్షతో.

మాది అద్దంకి దగ్గర పల్లె. నాన్న మిరప పండించేవాడు, చుట్టుపక్కల రైతుల కాయ కూడా కొని మద్రాసు మండీకి తోలేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లోంచి ఎవరు మద్రాసు వెళ్లినా మిరపకాయల మచ్చు మోయాల్సిందే. పెళ్లికెళ్లినా సరే, ఆస్పత్రికెళ్లినా సరే. మండీవాళ్లు ఆ నాలుగు గుప్పిళ్ల కాయ చూసి ధర చెప్పేవాళ్లు. రైల్వేలో ఇంజనీరింగు చదువుకి కుర్రాళ్లని ఎంపిక చేసే పరీక్ష రాయడానికి నేను మద్రాసు బయల్దేరితే, నాన్న నా కొత్త తుండుగుడ్డ లాక్కుని అందులోనే మచ్చు మూట కట్టాడు.

రైలు దిగి, మండీలో కాయలు అప్పజెప్పి, గుడ్డ దులిపి భుజాన వేసుకుని పరీక్ష హాలుకెళ్లాను. లెక్కల పేపరు. ఉక్కపోతకి ముఖం తుడుచుకున్నాను. అంతే, కళ్లలో నిప్పులు పోసినట్టయింది. నీళ్లు కారుతుంటే మళ్లీ అదే గుడ్డతో తుడిచాను, తెలివితక్కువవాణ్ని. చూపు కుదుటపడేసరికి సగం సమయం పోయింది. ఫలితం చెప్పక్కర్లేదు.

అదే హాల్లో రాసిన పక్కూరివాడొకడు నాకంటే ముందే మా ఇంటికెళ్లి, "మీవాడు పేపరు చూసి ఏడ్చాడండి" అని నాన్నకి చెప్పేశాడు. నేను జరిగింది చెబితే నాన్న నవ్వాడు.

"మిరపకాయల్లో పుట్టినవాడికి మిరపకాయ మండుతుందంట్రా? భయపడ్డానని చెప్పు, పోయేదేముంది."

మా ఊళ్లో మగాళ్లందరిదీ అదే బడాయి. కళ్లంలో కాయ ఎత్తిన చేత్తోనే ముఖం రుద్దుకునేవాళ్లు. కళ్లు ఎర్రబడి నీళ్లు కారుతున్నా, మండలేదనేవాళ్లు.

ఆ ఏడాదంతా ఇంటికి ఎవరొచ్చినా నాన్నకి అదే కబురు. కాఫీ గ్లాసు వాళ్ల చేతికివ్వగానే "మావాడు మద్రాసు వెళ్లి ఏడ్చొచ్చాడండీ" అనేవాడు. నేను అరుగు మీద లెక్కలు చేసుకుంటూ వినేవాణ్ని. ఆయన్ని చూస్తే అసహ్యం వేసేది. ఆ మాట ఇప్పుడు కూడా వెనక్కి తీసుకోను. వయసు నిబంధన ప్రకారం నాకు మిగిలింది ఇంకొక్క అవకాశం. అదీ పోతే ఆ కళ్లంలో, ఆయన నోటి కింద, జన్మంతా పడుండాలి.

రెండోసారి బయల్దేరేరోజు నాన్న మళ్లీ నా తుండుగుడ్డ పరిచాడు. "వాడి గుడ్డెందుకు, పాత చీర ముక్క ఇస్తానుగా" అని అమ్మ అంటూనే ఉంది. ఆయన వినలేదు. నేను మూట విప్పి కాయలన్నీ అరుగు మీద గుమ్మరించాను.

"మోయను."

"ఏరా, అంత పెద్దోడివైపోయావా?"

"నేను పరీక్షకి వెళ్తున్నాను. నీ బేరానికి కాదు."

ఆయన బస్సు దాకా రాలేదు. అమ్మ మాత్రం కుంకుడు రసం పోసి నా చేతులు శుభ్రంగా కడిగించి పంపింది.

హాల్లో మొదటి లెక్క తేలలేదు. అప్పుడు నాన్న గొంతు గుర్తొచ్చింది, ఏడ్చొచ్చాడండీ అని. ఒళ్లు మండిపోయింది. ఆ లెక్క వదిలేసి రెండోది పట్టుకున్నాను, అది తేలింది. చెమట చొక్కా చేతికి తుడుచుకుంటూ చివరిదాకా రాశాను.

సీటొచ్చినట్టు కాగితం శ్రావణమాసంలో వచ్చింది. అప్పటికి కాయంతా ఎప్పుడో అమ్ముడుపోయింది. కళ్లం వాననీళ్లకి బురదై ఉంది. నాన్న ఆ కాగితం నా చేత మళ్లీ మళ్లీ చదివించుకున్నాడు. తర్వాత తన భుజం మీది తుండుగుడ్డతో కళ్లొత్తుకున్నాడు. ఒత్తుకుంటూనే ఉన్నాడు.

"కాయ ఘాటురా" అన్నాడు.

"మిరపకాయల్లో పుట్టినవాడికి మిరపకాయ మండుతుందా నాన్నా?" అన్నాను.

అమ్మ నన్ను కసిరింది. ఆయన మాత్రం ముఖం మీదనుంచి గుడ్డ తియ్యలేదు.