రఘునాథపల్లి దాకా రాని పాటలు

మా మేనమామ పోయాడు. డిసెంబర్ మొదట్లో, పొద్దున కాలేజీకి బయలుదేరుతూ, ఒక బూటుకు లేసు కట్టి రెండోది చేతిలో పట్టుకుని పోయాడు. "మామ పోయిండురా" అని అత్తమ్మ ఫోన్‌లో చెప్పింది. ఈ ఏడాది రాక్ ఆల్బమ్‌ల, కంపెనీల దన్ను లేకుండా సొంతంగా చేసుకునే ఇండీ ఆల్బమ్‌ల ఫలితాలు ప్రకటించకుండానే పోయాడు. ఏడాదంతా పరీక్షలు పెట్టి, రిజల్ట్స్ ఇచ్చే వారం మాయమైన లెక్చరర్‌ని ఏమనాలో నాకు తెలియదు. ఆ బాధ్యత నా నెత్తిన పడింది కాబట్టి ఇది రాస్తున్నాను.

మామ కాజీపేట దగ్గర సుబేదారిలో ఉండేవాడు, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాడు. ఆయనకు అసహ్యమైనవి చాలా ఉన్నాయి: ఇన్విజిలేషన్ డ్యూటీ, పెళ్ళి బరాత్‌లో డీజే, పల్చటి పెరుగు, గిటార్ పట్టుకోగానే కళ్ళు మూసుకునే గాయకులు. అయినా ఏటా కొత్త ఆల్బమ్‌లు వెతికి వెతికి వినేవాడు. అంత కంపరం అయితే ఎందుకు వింటావు మామా అని అడిగితే, "దవాఖానల డాక్టర్ రోగాలను ఇష్టపడి చూస్తాండా?" అనేవాడు.

వినడానికి ఆయనకో పద్ధతి ఉండేది. ఆదివారం పొద్దున పాత కారు తీసేవాడు. పక్క సీట్లో అత్తమ్మ, వెనక నేను. ఇంటి గేటు దాటగానే మొదటి పాట మొదలవ్వాలి. హైదరాబాద్ రోడ్డు మీద రఘునాథపల్లి చేరేసరికి మామూలు సైజు ఆల్బమ్ ఒకటి అయిపోతుంది. అక్కడ టీ తాగి వెనక్కి రావాలి. పాటను దాటించడానికి వీల్లేదు. భరించలేకపోతే బండినే తిప్పేయాలి, అప్పుడిక టీ ఉండదు. తిప్పే ముందు మామ తన పక్క అద్దాన్ని, ల్యాబ్‌లో గ్యాస్ లీకైతే కిటికీ తెరిచినట్టు, హ్యాండిల్ తిప్పి కిందికి దించేవాడు. అద్దం దిగిందంటే ఆ బ్యాండ్ పని అయిపోయినట్టే.

అందుకే మా ఇంట్లో ఆల్బమ్‌లకు స్టార్లు ఇవ్వరు, ఊళ్ళు ఇస్తారు. "ఎట్లున్నదిరా కొత్తది?" అని ఎవరైనా అడిగితే "మడికొండ" అంటే చాలు, కాజీపేట దాటగానే వచ్చే ఊరు కాబట్టి ఇంకెవరూ వినరు.

ఇక ఈ ఏటి ఫలితాలు. అందరూ ఆకాశానికెత్తిన బెంగళూరు బ్యాండ్ కాజీపేట కూడా దాటలేదు. "ఆ డ్రమ్ములు కొట్టెటోనికి ఇంట్ల అన్నం పెడ్తలేరారా?" అంటూ అద్దం దించాడు. గదిలో ఒక్కడే కూర్చుని రికార్డు చేసుకున్న హైదరాబాద్ కుర్రాడు మడికొండ దాకా వచ్చాడు.

"వాడెందుకురా గట్ల గుసగుసలు పెడ్తాండు? ఇంట్ల ఎవలన్న పండుకున్నరా?"

"పిల్లగాడు మంచిగనే పాడ్తాండు గదా" అంది అత్తమ్మ.

"నీకు టీ గావాలె. గందుకే అంటానవ్."

"జర ఓపిక పట్టు మామా, మూడో పాట బాగుంటదట" అన్నాను నేను.

"మూడో పాట దాంక నేను బతికుండాలె గదరా."

ఈ మాట అప్పుడు నవ్వుకోవడానికి బాగుండింది.

మామ కాలేజీ రోజుల్లో ప్రాణం పెట్టిన నలుగురు ఇంగ్లండ్ ముసలివాళ్ళు మళ్ళీ కలిసి చేసిన ఆల్బమ్ స్టేషన్ ఘన్‌పూర్‌లో ముగిసింది. ఆరోజు అద్దం అన్నిటికన్నా కోపంగా దిగింది. "వీళ్ళకు పింఛన్ వస్తలేదా?" అన్నాడు. తెలియనివాళ్ళు చెత్త చేస్తే మామకు కంపరం, తనవాళ్ళు చేస్తే అవమానం.

ఆయనది మరీ అన్యాయం అని చాలాసార్లు వాదించాను. కానీ నిజం చెప్పాలంటే ఇది ఛీ అనాల్సిన ఏడాదే. పెళ్ళి భోజనంలో అన్ని కూరలకూ ఒకటే గ్రేవీ పోసినట్టు, ప్రతివాడూ ప్రతి పాట మీదా అదే మసక, అదే ప్రతిధ్వని ఒలకబోశాడు. గిన్నెలు మారాయి, రుచి మారలేదు.

ఒక్కటి మాత్రం నిలిచింది. షిల్లాంగ్ అమ్మాయి ఒకతె, ఒక గిటారు, ఎక్కడో వెనకాల వాన చప్పుడు. ఆమె పాడే భాష కారులో ఉన్న ముగ్గురిలో ఎవరికీ రాదు. మడికొండ పోయింది, పెండ్యాల పోయింది, ఘన్‌పూర్ పోయింది, అద్దం దిగలేదు. రఘునాథపల్లిలో హోటల్ ముందు బండి ఆపాడు గానీ చివరి పాట ఇంకా నడుస్తోంది. టీ ఎన్ని అని అడగడానికి వచ్చిన మనిషికి అరచెయ్యి చూపించి ఆపాడు. పాట అయిపోయాక తాళంచెవి తీసి, "ఛీ అనబుద్ధి గాలే" అన్నాడు. ఇంతకు మించిన మెచ్చుకోలు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. ఆరోజు మా అందరికీ రెండేసి టీలు. కాబట్టి పాఠకులారా, ఈ ఏటి ఉత్తమ ఆల్బమ్ అదే. ఇది అధికారిక ప్రకటన.

ఇక మిగిలింది మా ఆల్బమ్.

మేం నలుగురం డిగ్రీ స్నేహితులం, నాది బేస్ గిటార్, అడుగున లోతుగా మోగేది. అద్దె గదిలో గోడలకు పరుపులు నిలబెట్టి తొమ్మిది తెలుగు పాటలు రికార్డు చేశాం. మొదటి కాపీ మామకిచ్చాను. ఆ పెన్‌డ్రైవ్‌ని ఆయన పరీక్షనాళికలా వెలుతురుకు పట్టి చూశాడు.

"ఆదివారం నువ్వు రావద్దురా అల్లుడా."

"ఎందుకు మామా?"

"ఎనక చూసే అద్దంల నీ మొఖం కనబడ్తే బండి తిప్పబుద్ధి గాదు. కార్ల చుట్టరికం ఉండొద్దు."

ఆ ఆదివారం వాళ్ళిద్దరే వెళ్ళారు. ఎంతదూరం పోయారో చెప్పలేదు. ఫోన్ చేసి అడిగే ధైర్యం నాకు లేదు. "డిసెంబర్ల అన్నీ కలిపి చెప్త" అనడం ఆయన అలవాటు కాబట్టి ఆగాను. ఆ వారంలోనే పోయాడు.

సంతాప సభ కాలేజీలోనే పెట్టారు. ఫ్లెక్సీలో మామ ముఖాన్ని ఎంత తెల్లగా చేశారంటే, టాల్కం పౌడర్ ప్రకటనకు పిలిచినట్టుంది. మైకులో ఒక సహోద్యోగి, "సార్ మృదుస్వభావి, అన్నిరకాల సంగీతాన్నీ సమానంగా ప్రేమించారు" అన్నాడు. అప్పుడే ఎవరో ఫోన్ నుంచి పిల్లనగ్రోవి పెట్టారు. లిఫ్టులో వినబడే రకం. మనిషి బతికున్నన్నాళ్ళూ కష్టపడి సంపాదించుకున్న అసహ్యాన్నంతా ఒక్క పూటలో కడిగి, ఇస్త్రీ చేసి, దండ వేశారు. పక్కనున్న అత్తమ్మ నా చెవిలో, "మీ మామ ఉంటె ఈపాటికి లేచి బయటికి పోయెటోడు" అంది.

బయటికి వచ్చాక ఆగలేక అడిగేశాను. "అత్తమ్మా, మా ఆల్బమ్ ఏడిదాంక పోయింది?"

ఆమె కొంగు సర్దుకుంది. "పెండ్యాల కాడ తిప్పిండురా."

సగం దారి. రఘునాథపల్లి కాదు, కనీసం ఘన్‌పూర్ కూడా కాదు.

"ఏమన్నడు?"

"తిప్పినంక మళ్ళ మొదటి పాట నుంచి పెట్టిండు. 'గదేందయ్యా, ఎన్నడు లేంది' అన్న నేను. 'ఏడ ఖరాబైందో దొరకబట్టాలె' అన్నడు. ఇల్లొచ్చేటాల్లకు దొరికింది. అయిదో పాటల్నట. 'అల్లునికి చెప్త' అన్నడు."

"ఏందట అది?"

"నాకేమెరుక బిడ్డా? నీకే చెప్తా అన్నడు."

తిప్పేసిన ఆల్బమ్‌ని మామ రెండోసారి పెట్టిన సంగతి చరిత్రలో లేదు. దానికి గర్వపడాలో, తప్పేంటో చెప్పకుండా పోయినందుకు ఆయన్ని తిట్టుకోవాలో తెలియక రోడ్డు మీద నిలబడ్డాను.

మొన్న ఆదివారం నేనే కారు తీశాను. అత్తమ్మ తన సీట్లో తను కూర్చుంది. గేటు దగ్గర మా మొదటి పాట పెట్టాను. కాజీపేట, మడికొండ. పెండ్యాల వస్తుండగా అయిదో పాట మొదలైంది. నేను బిగుసుకుని విన్నాను. పరుపుల గదిలో మాకు అద్భుతంగా వినిపించిన పాట. పాడేవాడి గొంతు సన్నగా ఎక్కడో ఉంది. దాని మీద ఎవడో కుర్చీ వేసుకుని కూర్చున్నట్టు నా బేస్ ఉంది. వాడు నోరు తెరిచిన ప్రతిచోటా నేనే మోగుతున్నాను. పాట మాటలు రాసిన నాకే ఒక్క మాటా అందడం లేదు.

పక్కనుంచి కిర్రుమని చప్పుడైంది. ఇన్నేళ్ళలో మామ బండి తిప్పిన ప్రతిసారీ "ఇంకొంచెం పోదాం తియ్" అని బతిమాలిన మనిషి, టీ కోసం ఏ పాటనైనా మెచ్చుకున్న మనిషి, తన పక్క హ్యాండిల్ తిప్పి అద్దం కిందికి దించుతోంది. నా వైపు చూడలేదు. ముక్కు మాత్రం కొంచెం ముడుచుకుంది.

ఇండికేటర్ వేసి బండి తిప్పాను. సుబేదారి వచ్చేదాకా ఆ అద్దం అలాగే ఉంది. డిసెంబర్ చలిగాలికి ఆమె కొంగు చివర కిటికీ బయట కొట్టుకుంటూనే ఉంది.