సోడియంలో పదకొండోదాన్ని

ఆ రోజుల్లో బళ్ళో ఎవరికే వేషమో మేస్టర్లే తేల్చేవారు, మేం తలూపేవాళ్ళం. అలా తలూపినందుకు నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది. నౌపడ దగ్గర మా హైస్కూల్లో తొమ్మిది చదువుతుండగా, సైన్సు ప్రదర్శనకి మా సైన్సు మేస్టారు సోడియం పరమాణువుని తప్పెటగుళ్ళుగా ఆడిస్తానన్నారు. (చుట్టూ ఉప్పుమడులే కాబట్టి ఇంతకంటే మన లోహం ఇంకోటి లేదని ఆయన వాదన.) మధ్యలో కేంద్రకంగా ఆయనే నిలబడతారు. మొదటి వలయంలో ఇద్దరు, రెండో వలయంలో ఎనిమిది మంది, రేకు తప్పెట్లు గుండెలకి కట్టుకుని గంతులేస్తారు. ఆఖరి వలయంలో ఒక్కర్తే. ఆ ఒక్కర్తినీ నేనే.

బాగా పరిగెడతానని నన్ను పెట్టారట. నా స్నేహితురాలు రెండో వలయంలో కిలకిల్లాడుతుంటే నేను మైదానమంతా ఒంటరిగా తిరగాలి. పైగా సోడియానికి ఆ చివరి ఎలక్ట్రానంటే చులకనట, ఎవరికి అంటగడదామా అని చూస్తుందట, నీళ్ళు తగిలితే చాలు దాన్ని వదిలించుకుని భగ్గుమంటుందట, అందుకే కిరసనాయిల్లో దాస్తారట. నిజానికి భగ్గుమనాల్సింది నేను. చివర్లో నేను పక్కనే క్లోరిన్‌గా నిలబడ్డ ఏడుగురు మగపిల్లల వరసలో ఖాళీగా ఉన్న ఎనిమిదో చోట్లోకి దూకితే ఉప్పు తయారవుతుంది. (క్లోరిన్ లోపలి పదిమందినీ ఉన్నట్టు అనుకోమన్నారు. నన్ను మాత్రం ఉన్నట్టు అనుకోకూడదూ?)

ప్రదర్శన రోజున మా మామ్మ ముందు వరసలో కూర్చుంది. నేను రెండో చుట్టు తిరిగేసరికి లేచి నేరుగా ఆటలోకి వచ్చేసింది.

“ఏటి మేస్టారూ, అందరూ గుంపుగా ఆడతంటే మా గుంటనొక్కదాన్నే బైటకి తోసీసినారేటి?”

సోడియం తీరే అంతని ఆయన నచ్చజెప్పబోయారు.

“మీ సోడియం ఎవులో నాకు తెల్దు. ఈ గుంట నాది.”

అని నా చెయ్యి పట్టి తీసుకెళ్ళి నా స్నేహితురాలి పక్కన నిలబెట్టింది. వాళ్ళూ నవ్వుతూ జరిగి చోటిచ్చారు. రెండో వలయంలో తొమ్మిదిమందిమయ్యాం. క్లోరిన్ వాళ్ళు ఖాళీ చోటుతో అలాగే నిలబడిపోయారు, ఉప్పు తయారవలేదు, బహుమతి పక్క ఊరి బడికి పోయింది. గెంటింది మేస్టారు, లాగింది మామ్మ, తిట్లు మాత్రం నాకు! ఇదెక్కడి న్యాయం?

ఇప్పుడు నేను కోటబొమ్మాళిలో కెమిస్ట్రీ చెబుతున్నాను. మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. బోర్డు మీద సోడియం గీసినప్పుడల్లా నా చెయ్యి పదకొండో చుక్కని రెండో వలయానికి ఆనించే పెడుతుంది. అది దూరంగా ఉండాలి కదా మేడం, అంటారు పిల్లలు. ఉండాల్సిందే. తుడిచి, ఒకసారి గుమ్మం వైపు చూసుకుని, దూరంగా పెడతాను.