అంకప్ప మింగిన ఉత్త మాత్ర

హోసూరు దగ్గరి బేరిగై ఊరి అంకప్పకు పామంటే భయం లేదు. క్యాబేజీ తోటలో పాము కనబడితే కర్ర తీసుకుని దాన్ని గట్టు దాకా సాగనంపి వచ్చేవాడు. అడవి ఏనుగులు పొలాల్లో దిగిన ఏడాది డబ్బా వాయిస్తూ అందరికంటే ముందు నడిచింది కూడా అతనే. అతని భయమంతా ఏమీ జరగని పూటనే. కడుపునిండా సంగటి తిని, పని ఏదీ లేక వసారాలో కూర్చున్నప్పుడు గుండె దడదడ కొట్టుకునేది. అరచేతులకు చెమటలు పట్టేవి. ఊపిరి సగంలో చిక్కుకున్నట్టుండేది. "నంజమ్మా, నేను పోతా ఉండాను," అని భార్యను కేకేసేవాడు. మొదట్లో ఆమె చేతిలో పని పారేసి పరుగెత్తుకొచ్చేది. రెండేళ్ళు గడిచేసరికి, "వస్తానుండు, చారు పొంగుతా ఉండాది," అనడం నేర్చుకుంది.

హోసూరులో నాలుగుసార్లు ఈసీజీ తీయించారు. నాలుగుసార్లూ గుండె బాగానే ఉందన్నారు. నాలుగోసారి తీసిన డాక్టరు, "అంకప్పా, నీ గుండె నా గుండెకంటే బాగుండాది. నువ్వు గిరిప్రసాద్ దగ్గరికి పో," అని మానసిక వైద్యుడి పేరు చీటీ మీద రాసిచ్చాడు. "నేనేమన్నా పిచ్చోణ్ణా?" అని అలిగి అంకప్ప ఆ చీటీని మూడు నెలలు రేడియో కింద దాచాడు. నంజమ్మే దాన్ని బయటికి తీసి, 2003లో ఒక మంగళవారం అతన్ని బస్సెక్కించింది. ఆమె పక్కన లేనిదే అతను బస్సెక్కేవాడు కాదు.

గిరిప్రసాద్ డాక్టరు అంతా విన్నాడు. ఇది గుండె జబ్బు కాదు, ఆందోళన జబ్బు, చాలామందికి వస్తుంది, నయమవుతుంది అని చెప్పాడు. తన జబ్బుకు ఒక పేరుందని తెలిసి అంకప్పకు సగం ప్రాణం లేచొచ్చింది. దీనికి వాడుకలో ఉన్న మందులు ఇవ్వవచ్చు, లేదా ఇప్పుడు కొత్త మందు ఒకదాన్ని పరీక్షిస్తున్నారు, ఇష్టమైతే అందులో చేరవచ్చు అన్నాడు డాక్టరు. చేరినవాళ్ళలో సగంమందికి అసలు మాత్ర, సగంమందికి చూడ్డానికి అచ్చం అలాగే ఉండే మందు లేని మాత్ర.

"నాకేది ఇస్తావు సార్?"

"నాకు తెలీదు."

"డాక్టరువి, నీకే తెలీదా?"

"తెలియకూడదప్పా. తెలిస్తే, తగ్గకపోయినా తగ్గినట్టే కనబడుతుంది. మధ్యలో వద్దనుకుంటే ఎప్పుడైనా మానుకోవచ్చు."

"మరి తెలిసినోడు యాడుండాడు?"

"మనిషి కాదు, కంప్యూటరుకు తెలుసు."

అంకప్పకు ఆ జవాబు నచ్చింది. మనిషైతే తెలిసినవాళ్ళకు మంచిది చూసి ఇస్తాడు. కంప్యూటరుకు చుట్టాలు ఉండరు.

సంతకం పెట్టే ముందు ఇంటికి తీసుకెళ్ళి చదువుకోమని పదహారు పేజీల పత్రం ఇచ్చారు. అది తెలుగే. కానీ అందులో "యాదృచ్ఛిక కేటాయింపు" లాంటి మాటలు అడుగడుగునా ఉన్నాయి. అంకప్ప దాన్ని రిటైరైన తెలుగు అయ్యవారు కోదండరామయ్యకు చూపించాడు. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, రెండు గంటలు చదివి, "వ్యాకరణం చానా బాగుండాది అంకప్పా. అర్థమే నాకి కూడా కాలేదు," అన్నాడు. చివరికి పరీక్ష వ్యవహారాలు చూసే ధన్య అనే అమ్మాయి గంటసేపు పక్కన కూర్చుని, మామూలు మాటల్లో పేజీ పేజీ చెప్పాక, అంకప్ప సంతకం చేశాడు.

ఆ అమ్మాయి పసుపుపచ్చ మాత్రలతో పాటు ఒక పుస్తకం ఇచ్చింది. రోజూ సాయంత్రం ఆ రోజు భయమెంతో అందులో అంకె వేయాలి. సున్నా అంటే భయమే లేదు. పది అంటే ప్రాణం పోతున్నంత భయం.

అంకప్ప మొదటి మాత్ర వేసుకున్నాడు. పత్రంలో రాసిన తలనొప్పి, వికారం, నోరెండిపోవడం, నిద్రమత్తు అన్నీ ఒకేసారి వస్తాయని మంచం మీద పడుకుని ఎదురుచూశాడు. ఒక్కటీ రాలేదు. రెండో రోజూ రాలేదు. వారం గడిచేసరికి భయం పోయి కోపం వచ్చింది.

"చూసినావా, నాకి ఉత్త మాత్ర ఇచ్చినారు. తలనొప్పి కూడా లేదు!" అన్నాడు నంజమ్మతో.

"తలనొప్పి లేదని ఏడ్చే మనిషిని నిన్నే చూసినాను," అంది నంజమ్మ.

మందు పట్టడానికి కొన్ని వారాలు పడుతుందని ధన్య చెప్పినా అతను నమ్మలేదు. తనది ఉత్త మాత్రేనని తేల్చేసుకున్నాడు. ఆపైన ఇంకో ఆలోచన వచ్చింది. ఉత్త మాత్రతో తగ్గిందని తాను పొరపాటున రాస్తే, మందు కంపెనీవాళ్ళు లోకానికంతా ఉత్త మాత్రలే అమ్ముతారు. ఆ పాపం తనకు చుట్టుకుంటుంది. జనం మేలు కోరి అంకప్ప ప్రతి సాయంత్రం తప్పకుండా ఎనిమిది వేయసాగాడు.

ఐదో వారంలో నంజమ్మకు జ్వరం వచ్చింది. అంకప్ప ఒక్కడే బస్సెక్కి హోసూరు వెళ్ళి, చిల్లర ఇవ్వని కండక్టరుతో దారిలో వచ్చే బాగలూరు దాకా పోట్లాడి, గెలిచాడు. ఆరో వారంలో రాయకోటలో పెళ్ళికి పోయి, జనం మధ్యలో కూర్చుని మూడు ఒబ్బట్లు తిన్నాడు. ఆ రెండు సాయంత్రాలూ పుస్తకంలో ఎనిమిదే.

ఎనిమిదో వారం ధన్య పుస్తకం తిరగేసి, "ఒంటరిగా బస్సులో వస్తా ఉండారు, నిద్ర బాగా పడతా ఉండాదంటారు, మళ్ళా అన్నీ ఎనిమిదులేనా అప్పా?" అని అడిగింది.

"లోపల ఉంటాదమ్మా, బయటికి కనబడదు," అన్నాడు అంకప్ప పైకప్పు చూస్తూ.

ఆ రోజు నంజమ్మ కూడా వచ్చింది. ఆమె పుస్తకం చేతిలోకి తీసుకుని ఆ అంకెలు చూసి, అక్కడే ఉన్న డాక్టరుతో, "ఎనిమిదా? ఈయప్ప నెల దినాలుగా నన్ను ఒక్కతూరి కూడా కేకేయలేదు సార్. నిన్న తోటలో పాట పాడతా ఉన్నాడు!" అంది.

డాక్టరు అంకప్ప వైపు చూశాడు. అంకప్ప జనం మేలు సంగతి మొత్తం చెప్పేశాడు. డాక్టరుకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

"వేసిన అంకెలు చెరపకూడదు. మీరిప్పుడు చెప్పింది కూడా రాసి పెడతాము. ఇకమీద నిజం రాస్తారా?"

"నన్ను పోలీసులకు పట్టిస్తారా సార్?"

అడుగుతూండగానే గుండె దడ మొదలైంది. అరచేతుల్లో చెమట పట్టింది. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు. పోలీసులెవరూ రారని ధన్య చెబుతూనే ఉంది. మూడు నాలుగు నిమిషాల్లో దడ దానంతట అదే దిగిపోయింది. అలా దిగిపోవడం అతను అంత శ్రద్ధగా ఎప్పుడూ గమనించలేదు. ఆ సాయంత్రం బాగా ఆలోచించి మూడు వేశాడు.

పన్నెండు వారాలకు పరీక్ష ముగిసింది. తనది ఉత్త మాత్రేనన్న నమ్మకం మాత్రం అంకప్పకు పోలేదు. టీ అంగడి దగ్గర, "మందూ లేదు, మాకూ లేదు. నా ధైర్యంతోనే నేను బాగైనాను," అని కొత్తగా ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. వాటిని అందరికంటే శ్రద్ధగా విన్నది పెద్దప్ప అనే అతని దాయాది. అతనికీ ఇదే రకం దడ. డాక్టరు దగ్గరికి పోవాలనుకుంటున్న పెద్దప్ప ఆ మాటలు విని మానుకున్నాడు. ధైర్యం కోసం రోజూ చన్నీళ్ళ స్నానం మొదలుపెట్టి, జలుబు తెచ్చుకున్నాడు.

మరుసటి ఏడాది లెక్కలు తేలాక గిరిప్రసాద్ కబురు పెట్టాడు.

"అంకప్పా, మీకిచ్చింది అసలు మాత్రే."

ఇన్నాళ్ళుగా ఊళ్ళో చెప్పుకున్న ధైర్యమంతా పసుపుపచ్చ మాత్రదని తేలింది. అంకప్పకు సిగ్గు వేసింది. ఆ వెనకే, తన మాటలు విని డాక్టరు దగ్గరికి పోవడం మానుకున్న పెద్దప్ప గుర్తొచ్చాడు.

మరునాడు పొద్దున్నే పెద్దప్ప ఇంటికి వెళ్ళాడు.

"లెయ్, హోసూరు పోదాం. నేను చెప్పిందంతా తప్పు. నాకి ఇచ్చింది నిజమైన మందే."

పెద్దప్ప ముక్కు చీదుకుని, "ఆరు నెలలుగా ఐసు నీళ్ళు పోసుకుంటా ఉండాను కదరా!" అని బస్సులో దారి పొడుగునా తిట్టాడు. అంకప్ప ఒక్క మాటకూ ఎదురు చెప్పలేదు. డాక్టరు అతనికి వాడుకలో ఉన్న మందే రాశాడు. రెండు నెలల్లో పెద్దప్ప తేరుకున్నాడు.

అప్పుడప్పుడు అంకప్ప గుండె ఇంకా దడదడమంటుంది. అలాంటప్పుడు అతను మంచం ఎక్కడు. తోటకు నీళ్ళు మళ్ళిస్తూ, అది దిగిపోయే దాకా చూస్తూ ఉంటాడు.