పళ్ల బావ కట్టిన రేసు కారు

అపార్ట్‌మెంట్ లిఫ్టుకు కొత్త మోటారు కొనాలా, పాతదానికే మరమ్మతు చేయించాలా అన్న విషయం మీద జరిగిన సమావేశంలో మా బావ కొత్త మోటారు పక్షాన ఎడమచెయ్యి ఎత్తాడు. ఆ చూపుడు వేలి చివర ఒక కారు ఇంజను ఉంది. పెద్దదేం కాదు, అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. పొద్దున బొమ్మకారుకు ఇంజను అతికిస్తుంటే జిగురు వేలిని కూడా కలుపుకుపోయింది. వేడినీళ్లలో నానబెట్టారు, నూనె రాశారు. కదల్లేదు. ఈలోగా సమావేశానికి టైమైంది. సెక్రటరీ కళ్లజోడు సవరించుకుని ఆ చేతిని ఒకసారి చూసి, ఓటు లెక్క రాసుకున్నాడు. అవతలి పక్షం కూడా అభ్యంతరం చెప్పలేదు.

అందరూ ఇంజనునే చూశారు. నాకు మాత్రం ఇంకో సంగతి తట్టింది. మా బావది కుడిచేతి వాటం. సమావేశం ముగిసేదాకా ఆ కుడిచెయ్యి ప్యాంటు జేబులోంచి బయటికి రాలేదు.

మా అక్క మొగుడు కట్టుడు పళ్లు చేస్తాడు. చుట్టాలందరికీ ఆయన పళ్ల బావే. నోరు తెరిపించి అచ్చు తీసేది డాక్టరు. ఆ అచ్చు క్లినిక్ వెనక గదిలోకి వచ్చాక మైనం కరిగించి, పన్ను పక్కన పన్ను నిలబెట్టి, మనిషి మళ్లీ నమిలేలా చేసేది బావ. మనుషులు ముందు గదిలోనే ఆగిపోతారు. వాళ్ల దవడలు మాత్రం ప్లాస్టర్ రూపంలో వెనక గది అలమరాలో వరసగా కూర్చుని ఉంటాయి. అందుకే బయట ఎవరైనా పలకరిస్తే బావకు ముఖం గుర్తుకురాదు. వాళ్లు నవ్వాలి. నవ్వితే చాలు, "ఆయనదా! పై పన్ను కాస్త వంకరగా పెట్టమన్నాడు, లేకపోతే పెళ్లాం పోల్చుకోదట" అని నా చెవిలో ఊదుతాడు. పెళ్లికి ముందు మా అక్కను మొదటిసారి కలిసినప్పుడు ఆయన అన్న మొదటి మాట "మీ కోరపళ్లు బాగా కూర్చున్నాయండీ" అని. అది పొగడ్త అని అక్క ఇప్పటికీ ఒప్పుకోదు.

అలాంటివాడు ఉన్నట్టుండి ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. నిండా ప్లాస్టిక్ ముక్కలు. అవన్నీ అతికిస్తే కారవుతుందన్నాడు. డబ్బా మీది బొమ్మలో ముందు సన్నటి సైకిలు చక్రాలు, వెనక పీపాల్లాంటి టైర్లు, మధ్యలో బారెడు ఊచలు.

"నిచ్చెనకి చక్రాలు తగిలించినట్టుంది. ఇదేం కారండీ?" అంది అక్క.

"పాతకాలం డ్రాగ్ రేసు కారు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి ఒక్క ఊపున తిన్నగా దూసుకుపోతాయి. అంతే రేసు."

"మలుపు తిరగదా?"

"తిరగదు."

"మరి ఆగేదెలా?"

"వెనకాల పారాచూట్ విచ్చుకుంటుంది."

"మీ అమ్మగారి నోటికి కూడా అలాంటిదొకటి తగిలించాల్సింది," అనేసి అక్క వంటింట్లోకి వెళ్లిపోయింది.

సమావేశం అయ్యాక, అక్క గోళ్లరంగు తుడుచుకునే మందుతో వేలిని విడిపించాం. అక్క అటు వెళ్లగానే అడిగాను.

"జేబులో ఏం దాస్తున్నావు బావా?"

అక్క వెళ్లినవైపు ఓసారి చూశాడు. తర్వాత కుడిచెయ్యి తీసి బల్లమీద పెట్టాడు. సైలెంట్‌లో పెట్టిన ఫోను మోగుతున్నట్టు అది సన్నగా వణుకుతోంది.

"నరాల డాక్టరుకు చూపించాను. మందులతో కాస్త అణుగుతుందట. పోదట."

"మీ పళ్ల డాక్టరుకు చెప్పావా?"

"చెబితే ఇంటికి పొమ్మంటాడు."

"అనడులే, మంచివాడు."

"అనకపోతే ఇంకా కష్టంరా. జాలిపడతాడు. ఆ గదిలో తప్ప నేనెక్కడా పనికిరాను. లిఫ్టు మీటింగులో నా మాట ఎవడైనా విన్నాడా?"

"విన్నారు, ఓటు కూడా రాసుకున్నారు."

నవ్వలేదు. ఇంజను నాముందు పెట్టాడు. దాని నెత్తిన చిన్న టోపీలాంటిది ఉంది. దానికి ఎనిమిది కన్నాలు. ఒక్కోదాంట్లోంచి వెంట్రుకంత వైరు తీసి ఇంజను పక్కనున్న ప్లగ్గులకు గుచ్చాలట. "ఇవి పెట్టగలిగితే పళ్లూ పెట్టగలను. పెట్టలేకపోతే నేనే వెళ్లి చెప్పేస్తాను. ఈ కారు అందుకే. మీ అక్కకు చెప్పకు, ఇంకో మీటింగు పెడుతుంది."

నేను చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. ఓ సాయంత్రం వంటింట్లో అక్క ఆయన కాఫీ గ్లాసును సగమే నింపడం చూశాను. నేను చూస్తున్నానని గమనించి గొంతు తగ్గించింది. "నాకు తెలుసని ఆయనతో అనకురా. దాచుకునే ఓపికైనా ఉండనీ."

ఆ ఇంట్లో ఆ తర్వాత జరిగిందంతా అదే. ఆయన దాస్తాడు, ఈమె చూడనట్టు తిరుగుతుంది. ఓ రోజు డ్రైవరు సీటు వేళ్లలోంచి జారి ఎటో ఎగిరిపోయింది. అక్క చీపురు తిరగేసి మంచం కింద, బీరువా కింద వెతికింది గానీ ఎలా జారిందని అడగలేదు. బావ క్లినిక్‌లో చిగుళ్లకు వాడే పదార్థంతో ఇంకో సీటు పోసుకొచ్చాడు. లేత గులాబీ రంగు.

"ఎవరో నోరు తెరిచి కూర్చున్నట్టుంది," అంది అక్క. ఇద్దరూ నవ్వారు. చాలాసేపు నవ్వారు, అవసరానికి మించి.

వైర్ల దగ్గర నవ్వులు లేవు. మోచేతులు బల్లకు ఆనించేవాడు, ఊపిరి బిగబట్టేవాడు, మణికట్టుకు ప్లాస్టర్ పొడి సంచి కట్టి బరువు పెట్టేవాడు. ఒకటి నిలబడేది, రెండోది పెట్టబోతే మొదటిది ఊడేది. తలుపు దగ్గర నన్ను చూస్తే "పోరా" అనేవాడు. ఆ మాట బావ నోట నేను అదివరకు వినలేదు.

కొన్నాళ్లకు వెళ్లేసరికి కారు ఫ్రిజ్ మీద మెరుస్తోంది. ఎనిమిది వైర్లూ దువ్వినట్టు వరసగా ఉన్నాయి.

"గెలిచావు బావా!"

"ఆఁ," అన్నాడు. కారు కిందికి దించి, "కాపీ కొట్టాను," అన్నాడు. తన వృత్తి కిటుకే వాడాడట. పళ్లను ముందు మైనంలో వరస పేర్చి, సెట్టు మొత్తాన్ని ఒకేసారి బిగిస్తారు. అలాగే వైర్లనూ మెత్తని మైనంముద్దలో గుచ్చి, ఎన్ని తప్పులు పోయినా మళ్లీ మళ్లీ సర్ది, చివరికి మొత్తంగా ఎత్తి ఇంజనుకు అంటించి మైనం కరిగించేశాడు. "అదీ నా చేతి పనేగా?" అని నన్నే అడిగాడు. ఔననేశాను. మర్నాడు మామూలుగానే పనికి వెళ్లాడు. ఆ తర్వాత కూడా వెళుతూనే ఉన్నాడు.

నా దవడపన్ను పుచ్చి, నేనూ ఆ క్లినిక్‌కు వెళ్లాల్సి వచ్చింది. నోటినిండా దూది, పెదవి చివర ఉమ్మి లాగే గొట్టం పెట్టించుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను. అప్పుడే తలుపు తోసుకుని ఓ రిటైర్డ్ హెడ్‌మిస్ట్రెస్ వచ్చింది. చేతిరుమాల్లో పళ్ల సెట్టు.

"డాక్టర్! ఇది పెట్టుకుంటే ఈల వేస్తోంది. మనవరాలి ముందు మాట్లాడబోతే వీధికుక్క వచ్చి నిలబడింది. చిగురంతా ఒరుసుకుపోయింది. మూడు రోజులుగా మజ్జిగే తాగుతున్నాను."

డాక్టరు సెట్టు పెట్టించి, నీలం కాగితం కొరికించి, పళ్ల మీద పడిన మరకలు చూశాడు. ఓ పక్క పళ్లు ముందే తగులుతున్నాయి, రెండోపక్క అసలు తగలడంలేదు. ఆయన ముఖంలో అనుమానం ఒక్క క్షణం కనబడి మాయమైంది. నిజంగానే మంచివాడు.

"వయసుతో చిగుళ్లు అరుగుతాయి మేడమ్. సెట్టుదేం తప్పులేదు. కొత్త కదా, అలవాటు పడాలి."

"పాత సెట్టు ఇన్నేళ్లు రాయిలా ఉందే! అదీ మీ దగ్గరిదేగా? అంటే ఇప్పుడు నా నోరే చెడిపోయిందంటారా?"

వెనక గది తెర కదిలింది. బావ గుమ్మంలో నిలబడ్డాడు. నేను వద్దన్నట్టు తల ఊపాను. గొట్టం గుర్రుమంది తప్ప నా గొంతులోంచి మాట రాలేదు. బావ నావైపు చూడలేదు, డాక్టరువైపూ చూడలేదు. ఆవిడ ఎదుటికి వెళ్లి సెట్టు కోసం కుడిచెయ్యి చాచాడు. అది వణుకుతూనే ఉంది, దాన్ని ఆపాలని కూడా ఆయన చూడలేదు.

"మీ నోటికేం కాలేదమ్మా, నా చెయ్యే పాడైంది."