కత్తిరించిన క్లాసు షీట్లు

2022 జూన్‌లో దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక కోచింగ్ సెంటర్లో సివిల్స్ బ్యాచ్‌లకు ప్రపంచ చరిత్ర చెప్పడానికి నన్ను గెస్ట్ ఫ్యాకల్టీగా పిలిచారు. అంటే అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. గంటల లెక్కన చెప్పి వెళ్లడమే. మాకు పైన అకడమిక్ కోఆర్డినేటర్. ఆయన ఫోన్ చేస్తే క్లాసు ఉన్నట్టు, చెయ్యకపోతే మనల్ని మాన్పించినట్టు. అప్పటికి ఆ వీధిలో నా అనుభవం పద్దెనిమిదేళ్లు.

మేము వచ్చి వెళ్లినట్టు ఆధారం క్లాసు షీటు. తేదీ, పాఠం, మొదలైన సమయం, ముగిసిన సమయం, అన్నిటికన్నా కింద ఫ్యాకల్టీ పేరు, సంతకం. ఏసీ రిమోట్లు, మైకులు మాయమవుతున్నాయని యాజమాన్యం అందులోనే ఇంకో రెండు గడులు చేర్చింది: గది తెరిచినవారు, తాళం వేసినవారు. రెండింటిలోనూ, సమయంతో సహా, యాదమ్మ సంతకమే ఉండేది. కార్బన్ పెట్టి రాసిన రెండో ప్రతి మా దగ్గర ఉంచుకునేవాళ్లం.

యాదమ్మది నల్లగొండ వైపు పల్లె. కర్మన్‌ఘాట్‌లో కిరాయికి ఉండేది. పొద్దున ఆరింటి క్లాసుకు గది తెరవడం ఆమె పని, రాత్రి తొమ్మిదింటికి తాళం వేయడమూ ఆమె పనే. మధ్యలో ఊడవడం, తుడవడం, మంచినీళ్ల క్యాన్లు మార్చడం. నేను రెండు పూటలా క్లాసులు చెప్పేవాణ్ని కాబట్టి రెండు పూటలా ఆమెను చూసేవాణ్ని.

ఆ నెలలోనే అమెరికా కార్మికోద్యమం పాఠం వచ్చింది. అందరూ చికాగోతో మొదలుపెడతారు. అది నాకు చిరాకు. నేను లోవెల్ పట్టణపు బట్టల మిల్లులతో మొదలుపెడతాను. 1840లలో అక్కడి ఆడకూలీలు రోజుకు పది గంటల పని చాలని అర్జీలు రాసి, వేలమంది సంతకాలు చేసి, చట్టసభ కమిటీ ముందుకు వెళ్లి సాక్ష్యం చెప్పారు. కమిటీ వాళ్ల కోరికను తోసిపుచ్చింది. అక్కడి నుంచి బ్లాక్‌లిస్టు, అంటే నోరెత్తినవాళ్లకు ఇంకెక్కడా పని దొరకకుండా యజమానులు పంచుకునే జాబితా. ఆపైన 1886లో చికాగోలో ఎనిమిది గంటల పని కోసం సమ్మె. చివరికి 1930లలో చట్టాలు. ఇదంతా గంటన్నరలో ముగించాలి.

క్లాసయ్యాక బోర్డు తుడుస్తూ యాదమ్మ అడిగింది. "సార్, గా ఆడోళ్లు నిజంగనే పేర్లు రాసిచ్చిన్రా? పని పోతదని భయం గాలేదా?"

భయం ఉండే ఉంటుందన్నాను. అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోకుండా మన దగ్గర కూడా రోజుకు ఎనిమిది గంటలని చట్టం ఉందని, మెయిన్స్ జవాబులా పాయింట్లు వేసి మరీ చెప్పాను. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పడం మా వృత్తికి పట్టిన రోగం.

వారం తిరక్కుండా ఆమె కోఆర్డినేటర్‌ను ఎనిమిది గంటల డ్యూటీ అడిగింది. మర్నాటి నుంచి రావద్దన్నారు. కార్మిక శాఖకు ఫిర్యాదు చేసింది. ఆమె తమ ఉద్యోగే కాదని, పొద్దున రెండు గంటలు ఊడ్చి వెళ్లే మనిషని యాజమాన్యం జవాబిచ్చింది. ఆమె పేరు ఏ రిజిస్టర్లోనూ లేదు. రోజంతా పనిచేసినట్టు చూపలేకపోతే ఆ ఉద్యోగం ఇక తిరిగి రానట్టే. కొత్తపేట రైతుబజార్ దగ్గర నన్ను ఆపింది.

"మీ కాయితాల మీద నా సంతకాలున్నయి కద సార్. జర ఇయ్యుండ్రి. నాకు గవ్వే ఆధారం."

ఇస్తానన్నాను. ఇంటికెళ్లి ఫైలు తీశాక భయం వేసింది, బాగానే వేసింది. ఆ వీధిలో కోఆర్డినేటర్లందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవాళ్లే. ఒకచోట చెడితే ఇంకోచోట పిలవరు. కత్తెర తీసుకుని ప్రతి షీటుకూ అడుగున ఉన్న నా పేరు, సంతకం వరకు కత్తిరించాను.

మా ఆవిడ చూసింది. "ఇస్తే సరిగ్గా ఇవ్వండి, లేకపోతే మానేయండి. ఇదేం పనండీ?" అంది. నీకు తెలియదులే అన్నాను.

విచారణ రోజున అధికారి ఆ షీట్లు చూసి, ఇవి ఎవరి దగ్గరివని అడిగారట. ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చని యాజమాన్యం తరఫు మనిషి అన్నాడట. ఇచ్చినవారి పేరు లేని కాగితాలను ఆధారంగా తీసుకోలేమని అధికారి చెప్పారు. అది సరైన మాటే. ఫిర్యాదు నిలబడలేదు.

తర్వాతి ఆదివారం యాదమ్మ మా ఇంటికి వచ్చి షీట్లు తిరిగి ఇచ్చింది. నా పేరు చెప్పావా అని అడిగాను. నాకు ముందు తోచిన ప్రశ్న అదే. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గే.

"చెప్పలే సార్. కత్తిరిచ్చిన్రంటె చెప్పొద్దనే కద అనుకున్న. మీ పేరు తీసేసిన్రు, నా పేరు గట్లనే ఉంచిన్రు."

ఆమె గొంతులో కోపం లేదు. ఇప్పుడైనా వచ్చి సంతకం పెడతానన్నాను. ఎల్బీనగర్‌లో ఒక హాస్టల్లో వంటపనికి కుదిరానని, మళ్లీ విచారణ అంటే అక్కడ సెలవు ఇవ్వరని చెప్పి వెళ్లిపోయింది.

ఆ సెంటర్ నుంచి నాకు మరో రెండేళ్లు ఫోన్లు వచ్చాయి. అదే పాఠం మళ్లీ చెప్పాను. ఎవరు రాశారో తెలియని పత్రానికి విలువ లేదని చరిత్ర విద్యార్థికి మొదటి క్లాసులోనే చెబుతాం. ప్రతి బ్యాచ్‌కూ నేనూ చెప్పాను. కాబట్టి ఆ షీట్లు చెల్లవని నాకు తెలియదనడానికి వీల్లేదు. తెలిసే కత్తిరించాను.