మగపెళ్ళివారి బంతి, నా నాలుగు యూనిట్లు

ఆ రోజుల్లో, అంటే రేణిగుంట గోడౌన్లో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, నా అంత లెక్కల మనిషి ఇంకొకడు లేడని నా నమ్మకం. ఇరవై నాలుగేళ్ళకే షుగరు వచ్చిందని, రోజూ ఇన్సులిన్ తప్పదని డాక్టరు చెప్పినప్పుడు కూడా, యూనిట్ల లెక్క నా చేతికొచ్చింది కదా అని సంబరపడ్డాను. (ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే జాలేస్తుంది.) తిండిని బట్టి ఒకటి రెండు యూనిట్లు మార్చుకోవచ్చుగానీ, తిండి ముందుకొచ్చాకే వేసుకోమన్నాడాయన. మొదటి సగమే నా చెవికెక్కింది. దిగులు పడింది అమ్మే. షుగరని తెలిస్తే పిల్లనెవరిస్తారని, ఎవరికీ చెప్పనని నా చేత ఒట్టు వేయించుకుంది.

అలా ఉండగా మా సూపర్‌వైజరుగారి కూతురి పెళ్ళి తిరుచానూరులో వచ్చింది. వంటల వాసన పట్టి లెక్క వేశాను: ఓళిగలకు రెండు, పాయసానికి ఒకటి, లడ్డూకు ఒకటి, మామూలు డోసు మీద మొత్తం నాలుగు యూనిట్లు అదనం. బంతిలో కూర్చున్నాను, ఆకు వేశారు, నీళ్ళు చల్లుకున్నాను. పక్కవాడికి తెలియకుండా బల్ల కింద చొక్కా ఎత్తి సూది పొడుచుకున్నాను. సరిగ్గా అప్పుడే పెళ్ళికూతురి బాబాయి చేతులు జోడించుకుంటూ వచ్చాడు.

"మగపెళ్ళోళ్ళు ముందు తినల్లప్పా. మనోళ్ళం రెండో బంతి. లెయ్యండి."

ఆడపెళ్ళివారి తరఫు వాణ్ణి, మర్యాదగా లేచాను. లోపలికెళ్ళిన ఇన్సులిన్‌ను రెండో బంతికి రమ్మనడం ఎలా? అరగంటకు షుగరు పడిపోయి చేతులు వణికాయి, చెమటకు చొక్కా తడిసింది. వాకిట్లో ఒక పెద్దావిడ వచ్చినవాళ్ళకు కలకండ పలుకులిస్తోంది. వెళ్ళి ఒకటి తీసుకున్నాను, ఒక చుట్టు తిరిగొచ్చి ఇంకొకటి. మూడోసారి చెయ్యి చాచేసరికి పళ్ళెం వెనక్కి లాగింది.

"ఎన్నిసార్లు వస్తావప్పా? అందరికీ ఉండల్ల గదా."

చుట్టూ చూస్తే, మా అమ్మ లెక్కలో పిల్లనివ్వగలిగిన మామలంతా అక్కడే ఉన్నారు. ఒట్టు గుర్తుంది, మోకాళ్ళు మాత్రం నిలిచేలా లేవు.

"నాకు షుగరు. ఇన్సులిన్ ఏసుకునేసినా, ఇంకా అన్నం తినలేదు," అన్నాను. గొంతు ఎంత పెద్దగా వచ్చిందో, మామలందరి తలలూ ఒకేసారి తిరిగాయి.

ఆవిడ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి పళ్ళెం ఒళ్ళో పెట్టింది. నేను కరకరా నములుతుంటే మెల్లగా చెప్పింది. "నాకూ ఉండాది నాయనా, పదేండ్లుగా. అన్నం ఆకులో పడినాకే సూది. ఎవురు సెప్పినా అంతకు ముందు ఏసుకోవద్దు." వణుకు తగ్గాక రెక్క పట్టుకుని తీసుకెళ్ళి మగపెళ్ళివారి బంతిలోనే కూర్చోబెట్టింది. (ఆవిడ పెళ్ళికూతురి అమ్మమ్మ. ఆవిడ మాట కాదనే మొనగాడు ఆ మంటపంలో లేడు.)

కథ నాకన్నా ముందు ఇల్లు చేరింది. అమ్మ రెండు రోజులు మాట్లాడలేదు, ఆ తర్వాత రెండేళ్ళు సంబంధాలూ రాలేదు. మూడో ఏడు పెళ్ళిచూపుల్లో అమ్మాయి మాత్రం, "పెండ్లిలో కలకండ తినింది మీరే గదా?" అని అడిగింది. దాచడానికేమీ మిగల్లేదు, హాయిగా నవ్వేశాను. ఇప్పుడు ఏ పెళ్ళికి బయలుదేరినా మా ఆవిడే నా జేబులో కలకండ పొట్లం పెడుతుంది. ఇంటికొచ్చాక ఆ చొక్కాకు పట్టిన చీమలు దులుపుకుంటుంటే, ఆ లెక్కల కుర్రాడు గుర్తొస్తాడు. వేసిన లెక్కలన్నీ తప్పేగానీ, నోరు తెరవాల్సిన చోట మాత్రం తెరిచాడు పాపం.