అమ్మ కాటుక భరిణె

ఆశ వర్కర్‌గా మా ఊళ్లో నేను తొక్కని గడప లేదు. శంషాబాద్ పక్కనే, విమానం దిగుతుంటే ఇంటి రేకులు అదిరే ఊరు మాది. ఆ వానాకాలం కండ్లకలక ఊరంతా పాకినప్పుడు నా నోటికి విశ్రాంతి లేదు.

చూస్తే అంటుకోదు, చేతులతో, తువ్వాళ్లతో అంటుకుంటుందని ఇంటింటికీ చెప్పాను. కన్ను ఎర్రబడి, నీరు కారి, ఇసుక పడ్డట్టు గరగరలాడితే చాలామందికి వారం రెండు వారాల్లో దానంతటదే తగ్గుతుంది. చిక్కటి పచ్చ పుసి కడితే చుక్కల మందు డాక్టరు రాయాలి, మందుల షాపాయన కాదు. నొప్పి ఎక్కువైనా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ పూటే దవాఖానకు పోవాలి. గగన్‌పహాడ్‌లో కంపెనీకి పోయే మా తమ్ముడు ఎవరికీ అంటకూడదని నల్లద్దాలు పెట్టుకుని, వాటి కిందికి వేలు దూర్చి కండ్లు నలుపుకునేవాడు. వాణ్ని ఊరికే వదల్లేదు.

అమ్మ, తమ్ముడి సంసారం, మేము ఒకే వాకిట్లో ఉంటాం. నా కూతురు పురిటికి వచ్చి, పన్నెండు రోజుల పసిపాపతో మా ఇంట్లోనే ఉంది. తమ్ముడి తర్వాత వాడి పెద్దపిల్లకు వచ్చింది. తువ్వాళ్లు, దిండు గలీబులు వేరు చేశాను, వేడినీళ్లలో ఉతికించాను. అయినా రెండ్రోజులకు చిన్నదానికీ అంటింది. నా మాట ఎవరో వినడం లేదని కోపమొచ్చి, పాపం, మరదల్ని అనరాని మాటలన్నాను.

మర్నాడు డ్యూటీకి ఆలస్యమై ఇంట్లోనే ఉన్నాను. అరుగు మీద అమ్మ కూర్చుంది. ఆముదం దీపం మసితో తనే చేసిన కాటుక, ఇత్తడి భరిణె. వేలు ముంచి పెద్దపిల్ల కంటికి పెట్టింది. అదే వేలు మళ్లీ ముంచి చిన్నదానికి. తర్వాత ఒళ్లో ఉన్న పాప వైపు వంగింది. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను. అప్పటికే పాప ఎడమ రెప్ప వాచి, మూలన పచ్చగా పుసి కట్టి ఉంది.

"వేడి చేసిందే. కాటుక చలువ గదా, రోజూ పెడుతున్న" అంది అమ్మ.

పాపను అందుకుని కూతుర్ని కేకేశాను. నెల నిండని పిల్లకు కన్ను ఇలా అయితే ఒక్క పూట కూడా ఆగకూడదు, చూపే పోవచ్చు. ఆటో ఎక్కి దవాఖానకు పోయాం. డాక్టరమ్మ పుసి తీసి పరీక్షకు పంపింది, కన్ను కడిగి మందు మొదలుపెట్టింది. సరైన వేళకు తెచ్చారు, నల్లగుడ్డుకు దెబ్బ తగల్లేదు అంది. తర్వాత నా ముఖం చూసి, మీ కండ్లకూ కాటుకుందే, ఎక్కడిదని అడిగింది.

అమ్మ చేతిదే. రోజూ డ్యూటీకి పోతూ అరుగు దగ్గర వంగి పెట్టించుకుంటాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను రచ్చ గెలుస్తూ తిరిగాను. ఇంటికి రాగానే ముందు మరదలికి క్షమాపణ చెప్పాను.

అమ్మ రెండ్రోజులు పాపను ముట్టలేదు. నా చేతులే పాపిష్టివి అని కూర్చుంది.

"తప్పు నీది గాదమ్మా. ఊరందరికి చెప్పిన, నీకే చెప్పలే" అన్నాను.

ఇరవై ఒకటో రోజు తొట్టెల వేసేటప్పటికి పాప కండ్లు తేటగా ఉన్నాయి. పాత కాటుక పారబోసి అమ్మ కొత్తది పట్టింది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని పాప అరికాలికి దిష్టిచుక్క పెట్టింది. కంటి జోలికి పోలేదు. నాకు కడుపు నిండినట్టయింది.

మర్నాడు డ్యూటీకి పోతూ అలవాటుగా అరుగు దగ్గర ఆగాను. అమ్మ వేలు నా కంటి దాకా వచ్చి ఆగింది.

"చెప్పు ఇడువు బిడ్డా" అంది. "కాలు జాపు."